బూరెలు చేసినావిడ పేరు మీద

అమెరికాలోని చాండ్లర్‌లో ఒక తెలుగు కేటరింగ్ కిచెన్‌కు కాగితాల పని చూసేదాన్ని. జీతం మీద కాకుండా విడిగా పని చేసిపెట్టేవాళ్ళకు ఏడాదిలో ఎంత ఇచ్చామో, ఒక్కొక్కరి పేరున, ఆధార్ లాంటి వాళ్ళ సోషల్ సెక్యూరిటీ నంబర్ వేసి ఫారం నింపి, జనవరి నెలాఖరులోగా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టాలి.

మా రిజిస్టర్‌లో ఎవరికీ పేర్లు లేవు. బూరెల ఆంటీ, పచ్చళ్ళ ఆంటీ, వ్యాన్ అంకుల్, అంతే. పెద్దవాళ్ళను పేరడగడం మనకు అలవాటు లేదు. మెసేజ్‌లు పెట్టి అందరి పేర్లూ నంబర్లూ రాబట్టాను గానీ, బూరెల ఆంటీ దగ్గర పని ఆగింది. ఆవిడ డబ్బు మొదటి నుంచీ వాళ్ళాయన ఖాతాకే వెళ్తోంది.

"అంకుల్ పేరు మీద వేసెయ్యమ్మా. ఆయన సోషల్ నంబర్ మన దగ్గర ఉందిగా," అంది ఓనర్ ఆంటీ.

"బూరెలు అంకుల్ చెయ్యలేదు కదాంటీ."

"ఆయన చేస్తే మనం కిచెన్ మూసుకోవడమే. సబ్మిట్ చేసెయ్."

చెయ్యలేకపోయాను. ఏ కాగితమైనా చివరి దాకా చదివే అలవాటు నాది. పని ఎవరు చేస్తే ఫారం వాళ్ళ పేరు మీదే ఉండాలి. వృద్ధాప్యంలో వచ్చే పెన్షన్‌కు లెక్కలోకి వచ్చేదీ ఆ సంపాదనే. బూరెల ఆంటీకి ఈ దేశంలో వేరే ఉద్యోగం ఏదీ లేదు.

ఆంటీకి ఫోన్ చేశాను. తడబడకూడదని ముందే రాసిపెట్టుకున్నది ఒక్క ఊపిరిలో చదివేశాను.

"సోషల్ నంబర్ కావాలా? ఇన్నాళ్ళూ ఇంగ్లీషులో అడిగేవాళ్ళు, ఇప్పుడు తెలుగువాళ్ళూ మొదలెట్టారా?" అని పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం, పేరూ నంబరూ రాసిచ్చే ఖాళీ ఫారం పట్టుకుని వాళ్ళింటికే వెళ్ళాను. తలుపు తీసిన ఆవిడ చేతులకు పిండి ఉంది.

"ఓ, నువ్వా! కిచెన్‌లో నోరే విప్పవు. ఫోన్‌లో అట్లా గడగడా మాట్లాడితే దొంగలనుకున్నా."

సంగతి చెప్పాను. సోఫాలో లాప్‌టాప్‌తో ఉన్న అంకుల్ తలెత్తాడు.

"మేమిద్దరం టాక్స్ కలిపే ఫైల్ చేస్తాం కదమ్మా. తేడా ఏముంది?"

మామూలుగా అయితే అక్కడితో సరేనని వచ్చేసేదాన్ని.

"టాక్స్‌లో లేకపోవచ్చు అంకుల్. పెన్షన్‌లో ఉంది. మీ పేరు మీద వేస్తే ఆంటీ చేసిన పని మీ రికార్డులో పడుతుంది."

"నాకూ రికార్డుందా?" అంది ఆంటీ.

అంకుల్ లాప్‌టాప్ పక్కన పెట్టాడు. తర్వాత లేచి లోపలికెళ్ళి ఆవిడ సోషల్ నంబర్ కార్డు తెచ్చాడు. ఆంటీ చేతులు కడుక్కుని వచ్చి, ఇంటిపేరుతో సహా తన పేరూ, నంబరూ నిదానంగా రాసి సంతకం పెట్టింది. ఫారం నా చేతికిస్తూ అడిగింది.

"మరి పోయిన రెండేళ్ళూ ఎవరి పేరు మీద వేశారమ్మా?"

నేను చేరకముందు సంగతది. అయినా జవాబు నాకు తెలుసు.

"అంకుల్ పేరు మీదే. సరిదిద్దడానికి దారి ఉంటుంది ఆంటీ. చదివి చెప్తాను."

ఆ సాయంత్రం ఆవిడ పేరు మీద ఫారం పంపాను. వెబ్‌సైట్ తీసుకుంది. లాప్‌టాప్ మూయకుండా, పాత ఫారాలు సరిదిద్దే సూచనలు తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.