బ్యాగు తెరవని ఏజెంటు

ఆరోగ్య బీమా ఏజెంట్లు చాలామంది బ్యాగు తెరిచాకే నోరు తెరుస్తారు. అరకు సంతకు విశాఖ నుంచి వచ్చే ఆ ఏజెంటు మాత్రం బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ముందు ఒకటే అడిగేవాడు: "మీకు దేనికి బయమండీ?"

నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాది మా కిరాణా కొట్టుకూ వచ్చాడు. మా మామగారు దేన్లోనూ తగ్గే మనిషి కాదు. "బయమేటి? అన్నిటికన్నా పెద్ద పాలసీ ఇయ్యి. ఏసీ రూముండాల" అన్నారు.

"పెద్దదైతే ఏటేటా అంత సొమ్మూ కట్టాల బాబూ. బయమేటో తెలిస్తే సరిపడింది సెప్తాను" అని, చింతపండు తూస్తున్న మా అత్తగారి వైపు తిరిగాడు. "అమ్మా, మరి మీకో?"

ఆవిడ తక్కెడ దించారు. "నాకు జబ్బు సేత్తే ఈయన కొట్టు మూసేత్తారని బయం బాబూ. అందికే గుండెల్లో నొప్పొత్తన్నా సెప్పనేదు."

మామగారు ఆవిడ వైపు ముక్కాలిపీట జరిపారు.

"ముందు డాక్టరుకి సూపించండి. నొప్పి దాచి పాలసీ తీసుకుంటే రేపు కంపెనీ డబ్బులివ్వదు. ఏటుందో తెలిసాక, అదీ ఫారంలో రాసి, మీకు తగ్గది తీసుకుందురు గానీ" అంటూ ఏజెంటు లేచాడు. చేతికందిన బేరాన్ని అంత తేలిగ్గా వదిలేసిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

ఆ సంత రోజునే, బేరానికి జనం నిలబడి ఉండగానే, మామగారు కొట్టు తలుపులు వేశారు. మేం ముగ్గురం చేరేసరికి విశాఖ బస్సు కిక్కిరిసి ఉంది. ఏజెంటు నిలబడే ఉన్నాడు. కిటికీ పక్క సీట్లో, మా అత్తగారి కోసం, ఆ తెరవని బ్యాగు ఉంది.