గంగన్న గిటారు, ఏసీ మెకానిక్

ఇంకా ఒళ్లు మండుతోంది, అందుకే రాస్తున్నాను. ఈ గల్ఫ్ దేశంలో, మా సిత్రా లేబర్ క్యాంపులో పైపు ఫిట్టర్ గంగన్న రేపు ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్లిపోతున్నాడు. బోల్టులు విప్పే సాకెట్‌ను వేలికి తొడిగి, గిటారు తీగల మీద జారిస్తూ వాయిస్తాడు. మాటలుండవు, దరువుండదు. ఇన్నేళ్లూ ఆయన తన ఫోన్లో రికార్డు చేసుకున్నవన్నీ, మొదటి దాని నుంచి నిన్నటి దాకా, ఈ సాయంత్రం మెస్‌లో స్పీకరుకి కలిపి పెట్టాను. ఆయన సంగీతాన్ని నలుగురు కూర్చుని వినడం ఇదే మొదలు, ఇక్కడ ఇదే ఆఖరు.

"పాటెప్పుడు మొదలైతది?" అన్నాడొకడు. బిర్యానీ ఎప్పుడన్నాడు ఇంకొకడు. చివరి రికార్డులో తీగల వెనక సన్నగా హోరు మొదలవగానే ఏసీ మెకానిక్ శ్రీను లేచాడు. "కంప్రెసర్ పోయేలా ఉందెహే!" అంటూ మెస్ మెయిన్ స్విచ్చి ఆపేశాడు. ఏసీతో పాటు స్పీకరూ ఆగింది. అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టి ప్లేట్ల మీద పడ్డారు.

నేను శ్రీను మీదికి వెళ్తుంటే గంగన్న చెయ్యి పట్టుకున్నాడు.

"వాన్నేమనకు తమ్మీ. గా చప్పుడు మన రూము ఏసీదే, పాటల కలవాలని నేనే రికార్డు జేసిన. ఇంతమందిల చెవి పెట్టి ఇన్నది వాడొక్కడే."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చప్పట్లు కొట్టినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, దేనికి కొట్టారో కింద రాయండి.