ఎవరూ నొక్కని ‘చాలు’

అయినా తప్పు నాదేనట. ఇంకొంచెం ఆగితే జనమే ఆపేసేవారట. మా నాటకాన్ని తయారుచేసిన అన్న ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో ఇదే మాట పెడుతున్నాడు. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతోంది.

ఆట ఇదీ. వేదిక మీద నటించే అక్క ఒక్కతే, పక్కన డప్పు కొట్టే ఒకాయన. చూసేవాళ్ల ఫోన్లలో రెండు బటన్లు: ‘ఇంకా’, ‘చాలు’. ‘ఇంకా’ గెలిచిన ప్రతిసారీ అక్క తన జీవితంలోంచి ఇంకొకటి ఇవ్వాలి. మాటో పాటో, ఏదైనా నిజంగా తనదై ఉండాలి. ‘చాలు’ గెలిస్తే లైట్లు వెలుగుతాయి, ఆట అయిపోతుంది. గెలవకపోతే మూడోసారి ఇచ్చాకే ముగింపు. ఓట్లన్నీ నా ఫోన్‌కే వస్తాయి. తెర మీద ‘ఇంకా’ ఓట్లతో పెరిగే ఎర్ర గీత కూడా దాన్నుంచే, అది నిండితే ‘ఇంకా’ గెలిచినట్టు. హైదరాబాద్‌లో పెరిగిన నాకు ఈ నాటకంలో ఉన్న పని అదొక్కటే.

జనగామలో అందరూ నవ్వుతూ ‘ఇంకా’ నొక్కారు. అక్క బడిలో నేర్చుకున్న పాట పాడింది, చిన్నప్పుడు జామకాయలు దొంగిలించింది చెప్పింది, చివరికి ఏదో అల్లేసింది. వ్యాన్ ఎక్కగానే అన్న పట్టేశాడు.

“ఆఖరుది అబద్ధం. మీ లంబాడీ తండాది పాడాలె, మీ భాషల.”

“సూద్దాం తియ్యే” అంది అక్క, కిటికీ వైపు తిరిగి.

మహబూబాబాద్‌లో గీత నిండుతూనే ఉంది. ఇవ్వడానికి ఇంకేమీ మిగలక అక్క లంబాడీలో ఒక పాట ఎత్తుకుంది. పెళ్లయిన పిల్ల ఇల్లు విడిచి పోయేటప్పుడు తల్లి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడేదట. నాకప్పుడు తెలియదు. వెనక వరసల్లోంచి కొందరు లంబాడీ ముసలమ్మలు లేచారు. చెప్పులు విడిచి వేదిక ఎక్కారు. అక్క మెడ చుట్టూ చేతులు వేసి, తామూ ఏడుస్తూ పాట అందుకున్నారు. వాళ్లలో ఆ ఏడుపు వినబడితే వెళ్లి పట్టుకోవాల్సిందే, ఒంటరిగా ఏడవనివ్వరు. ఒకామె ఏదో అడిగింది.

“ఏ ఊరికి పోతున్నవ్ బిడ్డా అన్నది” అని అక్క తర్వాత నాతో చెప్పింది.

వాళ్లు ఏడుస్తున్నంత సేపూ నా ఫోన్‌లో ‘ఇంకా’లు పడుతూనే ఉన్నాయి.

ఎవరో ఫోన్‌లో తీసిన ఆ పాట వీడియో మర్నాటికే తండాకు చేరింది. వాళ్లమ్మ ఫోన్ చేసింది. వాళ్ల భాషలో అమ్మను యాడి అంటారు. అక్క ఫోన్ పెట్టేయగానే అడిగాను.

“ఏమన్నది అక్కా?”

“నువ్వు పెండ్లయి పోయేనాడు నన్ను పట్టుకుని ఏడ్వాల్సింది పరాయోళ్లను పట్టుకుని ఏడ్చినవా, ఇగ నాకేం మిగిల్చినవ్ అన్నది.” మళ్లీ అంది: “ఇంకోసారి ఆ పాట నాతోని కాదు తమ్మీ. జర గీత నిండకుంట సూడు.”

అన్నకు చెప్పాను. వినలేదు. “అదొక్కటే పండింది, గదే తీసేస్తే ఇంకేముంటది? నువ్వెందుకు పరేషాన్ అయితవ్? జనమే చాలంటరు” అన్నాడు.

భూపాలపల్లిలో మధ్యాహ్నం ఆట. ఫంక్షన్ హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టాం. పక్కనే ఉన్న చెల్పూర్ నుంచి కూడా చాలామంది వచ్చారు. వీడియో చూసే వచ్చారని గుసగుసలను బట్టే తెలుస్తోంది. గీత మొదటిసారి నిండింది. రెండోసారి ఇంకా త్వరగా నిండింది. ఇక ఆ పాటే మిగిలింది, ఆఖరు గీత సగం దాటుతుండగా అక్క నా వైపు చూసింది. నేను ఫోన్‌లో డేటా ఆపేశాను.

తెర నల్లబడింది. హాలంతా చీకటి.

ఎవరో వెనక నుంచి ఒక చప్పట చరిచారు. ఇంకొకరు కలిశారు. తర్వాత అందరూ, ఒకే లయలో, తొందర లేకుండా. “పాడు... పాడు...” అరుపులు కూడా కావు, మామూలు గొంతులే. అలవాటుకొద్దీ డప్పాయన చేతులు ఆ లయను అందుకున్నాయి. చీకట్లో ఫోన్ల టార్చీలు ఒక్కొక్కటే అక్క ముఖం మీదికి తిరిగాయి.

ఆమె పాడలేదు. మెట్లు దిగి, కుర్చీల మధ్యలోంచి నడిచి బయటికి పోయింది. టార్చీలు తలుపు దాకా ఆమె వెంటే తిరిగాయి. వ్యాన్‌లో కూర్చున్నాక కూడా ఆ చప్పట్లు మాకు వినిపిస్తూనే ఉన్నాయి.

అన్న మాత్రం వాళ్లే ఆపేవారంటున్నాడు. మూడు ఊళ్లలో ఒక్కసారీ గెలవని ‘చాలు’ ఆ చీకట్లో గెలిచేదని మీరూ నమ్ముతున్నారా? నమ్మితే చెప్పండి, ఆ హాల్లో మీ వేలు దేని మీద ఉండేది?