నాయన నూనె పూసిన పిక్చర్ ట్యూబు

మైపాడులో మా చిన్నప్పుడు... ఉప్పుగాలికి తుప్పు పట్టని వస్తువంటూ ఉండేది కాదు. తలుపు గడియ, సైకిల్ చైను, బోటు ఇంజను... అన్నిటికీ నాయన ఆదివారం పూట నూనె పూసేవాడు.

ఓ ఆదివారం ఖర్మ కాలి ఆయన చూపు మా టీవీ మీద పడింది. వెనక మూత విప్పి, కనిపించినదాన్నల్లా నూనెగుడ్డతో రుద్దాడు. ఇంజను తుడిచే చెయ్యి కదా... పిక్చర్ ట్యూబు మెడ దగ్గర టక్కుమంది. ఆ తర్వాత మాటలు వినిపించాయి గానీ బొమ్మ రాలేదు.

మా అందరికంటే నష్టపోయింది అమ్మ. తెల్లారకముందే చేపల గంపతో నెల్లూరు బస్సెక్కేది. ఎండలో వీధులన్నీ తిరిగొచ్చి మళ్లీ వంట, అంట్లు... సాయంత్రం సీరియల్ వచ్చే అరగంట మాత్రం గోడకి ఆనుకుని కాళ్లు చాపుకునేది. ఆ అరగంట నాయనమ్మ కూడా ఏమీ అనేది కాదు.

టీవీ పోయాక కూడా అమ్మ అదే వేళకి వచ్చి కూర్చుంది.

"ఊరికే కూసోనుండావేంది మే? ఆ ఎండుచేపలన్నా ఏరుకోరాదా?" అంది నాయనమ్మ.

అమ్మ లేచి చేట అందుకుంది. మర్నాటి నుంచి ఇక కూర్చోలేదు. నాలుగు రోజులకే మనిషి వాడిపోయింది... పొయ్యి ముందే తూగేది. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

నాయన టీవీని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని నెల్లూరు తీసుకెళ్లాడు. వెంట నేను. మెకానిక్ మూత తీసి నాయన ముఖంలోకి చూశాడు.

"నూనె పూసేదానికి ఇదేమన్నా బోటు ఇంజనా అన్నా? ట్యూబు పగిలిపోయిండాది. మార్చాల్సిందే."

"పాతదైనా పర్లేదు, ఏదో ఒకటి ఎయ్ అబ్బయ్యా... మా ఆడామె కాసేపు కూసోవాల."

వేరే టీవీలోంచి తీసిన ట్యూబు వేశాడు. అందులో అందరూ కామెర్లొచ్చిన వాళ్లలా పచ్చగా కనిపించేవారు. ఆ సాయంత్రం అమ్మ వచ్చి గోడకి ఆనుకుంది. సీరియల్ పేర్లు పడేలోపే నిద్రపోయింది.

నేను టీవీ ఆపబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపొద్దు పాపా... ఆపితే మీ అమ్మ లేచి పనికి పోతాది."

ఈరోజు ఆఫీసు నుంచి వచ్చి, "ఇక నా వల్ల కాదు" అని మంచమెక్కేశాను. ఎవరూ ఏమీ అనలేదు. అంత చిన్న మాట అనడానికి అమ్మకి వీల్లేకపోయింది... ఒక టీవీ కావాల్సొచ్చింది.

మీ అమ్మ ఏ వంకతో కూర్చునేది?