భగభగగారూ, ‘ఎక్కడైనా’ అనే మాటా

రాజ్యాల కోసం యుద్ధాలు జరిగాయి, సరిహద్దుల కోసం జరిగాయి. ఒకే ఒక్క మాట మీద పదకొండేళ్ళు ఏకధాటిగా సాగిన యుద్ధం మాత్రం బ్యాటరీ చక్రాల కుర్చీలు తయారుచేసే ఒక కంపెనీ మూడో అంతస్తులో జరిగింది. ఆ మాట ‘ఎక్కడైనా’. "ఈ ప్రోగ్రాం ఎక్కడైనా నడుస్తుందండీ" అని ఎవరన్నా చాలు, భగభగగారు కుర్చీ వెనక్కి తన్ని లేచేవారు. ఆయన అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉండేది, అదీ సగం చెరిగిపోయింది.

"ఎక్కడైనా అంటే ఎక్కడ నాయనా? లిఫ్టులోనా? మిక్సీలోనా? మా ఆవిడ చెవిదుద్దుల్లోనా?"

అంతటితో ఆగేవారా! చేతికందిన సర్క్యూట్ బోర్డు తెచ్చి అవతలివాడి బల్ల మీద ధడాలున పెట్టి, "ఏదీ, నడిపించు" అనేవారు. ఒకసారి ఆ కోపంలో చేతికందింది బోర్డు కాదు, క్యాంటీన్ ట్రే. అయినా వెనక్కి తగ్గలేదు. "ఎక్కడైనా అన్నావుగా!"

టీం లీడర్‌కి ఆయనంటే ఒళ్ళుమంట. ఈసారి ఆ మాట అన్నది ఆవిడే, అదీ మేనేజరు ముందు. కుర్చీల్లో వాడే చిప్ తయారీ ఆగిపోయింది. కొత్త చిప్‌కి మారక తప్పదు. ఇకముందు ఏ చిప్ వచ్చినా అంతా తిరగరాయక్కర్లేకుండా, ప్రోగ్రాంకీ చిప్‌కీ నడుమ ఐదు పొరలు కట్టిస్తానని ఆవిడ మాటిచ్చింది.

"ఐదు పొరలా? ప్రోగ్రామా, ఉల్లిపాయా?" అంటూ భగభగగారు అంతస్తంతా వినిపించేలా అరిచారు. "మన బ్రేకు ప్రోగ్రాం తొమ్మిదేళ్ళుగా ఒక్క మనిషిని పడెయ్యలేదు తల్లీ! దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టు. చిప్‌ని తాకే ఫైలు ఒక్కటే, అది నేను మారుస్తున్నానుగా!"

"రేపు ఇంకో చిప్ వస్తేనో సార్?"

"మళ్ళీ మారుస్తాను. చచ్చిపోను."

"మీరు రిటైరయ్యాక?"

"నువ్వు మారుస్తావు. చేతుల్లేవూ?"

ఆవిడ పళ్ళు కొరికి, ఐదు పొరలూ కట్టించింది. ఇసుక బస్తాని కూర్చోబెట్టి, కుర్చీని ఏటవాలు బల్ల మీంచి దింపుతూ బ్రేకు నొక్కారు. ఆజ్ఞ ఐదు పొరలూ దాటి వచ్చేసరికి ఆలస్యమై, కుర్చీ జానెడు జారి ఆగింది. బస్తాకి ఏమీ కాలేదు. అక్కడే మెట్ల అంచున నడుము పడిపోయిన ఓ పెద్దావిడ కూర్చుని ఉంటే? టీం లీడర్ ఆ ఊహని పూర్తి చెయ్యలేకపోయింది. పక్కనే చేతులు కట్టుకుని చూస్తున్న భగభగగారు పదకొండేళ్ళలో మొదటిసారి అరవకుండా, వంగి, కుర్చీ జారిన మేర జానతో కొలిచారు. అది తిట్టుకన్నా ఘోరంగా ఉంది.

మిగతావాటికి పొరలున్నా నష్టం లేదు. బ్రేకుని మాత్రం వాటిలోంచి తప్పించి, పాతదాన్నే కొత్త చిప్‌కి ఎక్కించాలి. రెండు వారాల పని. గడువేమో మర్నాడే. మాటిచ్చింది తనే కాబట్టి, గడువు అడిగితే తన కొలువుకే ఎసరు.

మర్నాడు మీటింగులో మేనేజరు, "అంతా రెడీయేనా?" అన్నాడు. ఆవిడ నోరు తెరిచేలోపు బల్ల అదిరింది.

"ఏం రెడీ? నా ఫైలు కాందే! ఆ దిక్కుమాలిన చిప్‌ని ఎంచిన మహానుభావుడెవరో చెప్పండి ముందు! రెండు వారాలు కావాలి నాకు!"

"మీ ఒక్కరి కోసం అందరూ ఆగాలా?"

"ఆగాలి! ఆగక ఏం చేస్తారు?"

మేనేజరు కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, రెండు వారాలు ఇచ్చేశాడు.

బయటికొచ్చాక టీం లీడర్‌కి ప్రాణం లేచొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. గుప్పెడు ఫైలు! ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టినట్టు?

"సార్, మీదెంత మిగిలింది? నేనూ ఓ చెయ్యి వేస్తాను."

"నా ఫైలు ముట్టుకుంటే ఊరుకోను! పోయి నీ బ్రేకు చూసుకో!"

ఆవిడ ఊరుకుంటుందా? సీట్లో కూర్చోగానే ఆ ఫైలు తెరిచింది. నూట ఎనభై లైన్లు. పరీక్షలన్నీ పాసై ఉన్నాయి. చివరిసారి మార్చిన తేదీ నలభై రోజుల కిందటిది.