టాంటాం అక్క కోర్టు చదువు

ఆ వీధిలో ఎవరింట్లో పిల్లి ఈనినా ముందుగా తెలిసేది బ్యూటీ పార్లర్ ఆవిడకే. కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి కనుబొమల మీద దారం ఆడిస్తూ, ఇటు సంగతి అటూ అటు సంగతి ఇటూ చేరవేసేది. అందులో విషం లేదు. విన్నది కడుపులో దాచుకోవడం చేతకాదు, అంతే. ఒకసారి మొగుడి అక్క విసుక్కుని ‘టాంటాం’ అని పిలిచింది. వీధికి ఆ పేరు తెగ నచ్చింది. చిన్నా పెద్దా టాంటాం అక్క అనేవాళ్లు. ఆవిడా నొచ్చుకోకుండా పలికేది.

అలాంటి మనిషి పారాలీగల్ కోర్సులో చేరిందంటే ఎవరు నమ్ముతారు?

దానికి కారణం జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చే లాయరమ్మ. ఒకరోజు ఆవిడ కుర్చీలో కూర్చుని, తన ఆఫీసుకు వచ్చే జనం నల్లకోటు చూడగానే బిగుసుకుపోతారనీ, అసలు సంగతి వదిలేసి లోకమంతా చుట్టి వస్తారనీ వాపోయింది. ఇక్కడ మాత్రం తల దువ్వడం మొదలుపెట్టేసరికి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తున్నారు కదా అని నవ్వింది. కోర్టు వెనక న్యాయ సహాయ కేంద్రంలో సాయంత్రం క్లాసులు పెడుతున్నారట. లాయరు కాకపోయినా లాయరుకు కావలసిందంతా సిద్ధం చేసే మనుషుల్ని అక్కడ తయారు చేస్తారట. వచ్చినవాళ్ల గోడు విని రాయడం, కాగితాలు వరసలో పెట్టడం, ఏ ఆఫీసుకు వెళ్లాలో దారి చూపించడం వాళ్ల పని. టాంటాం అక్క కత్తెర గాలిలోనే ఆపి, దానికి ఎంత చదువు ఉండాలని అడిగింది. తన చదువు సరిపోతుందని తెలిశాక కత్తెర మళ్లీ ఆడింది గానీ, చెవి పక్కన ఒక పాయ కాస్త పొట్టిదైపోయింది. లాయరమ్మ గమనించలేదు, లేదా గమనించి ఊరుకుంది.

ఇంట్లో చెబితే, బస్సు నడిపి అలిసి వచ్చిన మొగుడికి తాగుతున్న మంచినీళ్లు పొలమారాయి.

"కోర్టులో కేసుకి వాయిదాలేస్తారు. నువ్వు నీ మాటకి వాయిదా వెయ్యగలవా?" అన్నాడు.

టాంటాం అని పేరు పెట్టిన మొగుడి అక్క, మేడమీద గదిలో ఉండే వదిన కూడా అప్పుడే కిందికి వచ్చింది. భర్త పోయి చాలా ఏళ్లయింది. మందుల షాపులో పనిచేస్తూ, ఎవరి మీదా ఆధారపడకుండా తలెత్తుకుని బతికే మనిషి. ఆవిడ నవ్వలేదు. "చేరనీరా. నోరు మూసుకోవడం నేర్పుతారేమో చూద్దాం," అంది తమ్ముడితో. ఆ మాటతో టాంటాం అక్కకు పట్టుదల వచ్చింది.

క్లాసు జరిగేది ఒక పొడుగాటి గదిలో. ప్లాస్టిక్ కుర్చీలు, నల్లబల్ల, తిరుగుతూ గొణిగే ఫ్యాను, గోడ పొడుగునా పాత ఫైళ్ల బీరువాలు. పాఠం చెప్పే మాస్టారు కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరైన మనిషి. బక్కగా, గొంతు పెంచకుండా మాట్లాడేవాడు. మొదటి రోజే ఒక మాట అన్నాడు: మీకు చెప్పిన సంగతి మీది కాదు, చెప్పినవాళ్లది. వాళ్ల అనుమతి లేకుండా అది గది దాటకూడదు, ఇంట్లోవాళ్లకు కూడా. టాంటాం అక్క బతుకంతా చేసిన పనికి అడ్డంగా గీత గీసినట్టే ఉంది ఆ మాట.

మొదటి అభ్యాసంలో పక్కపక్కన కూర్చున్నవాళ్లను జతలుగా చేశారు. ఆవిడకు జతపడినాయన రిటైరైన పోస్టుమాన్. కాస్త చెవుడు. ఇంటివాడు కుళాయి కట్టేశాడని వచ్చిన అద్దెదారుగా ఆయన నటించాలి, ఆవిడ విని రాయాలి. పాపం ఆయన నాలుగు ముక్కలు చెప్పాడు. ఆవిడ రెండు పేజీలు నింపింది. ఇంటివాడు పిసినారి అనీ, మొహం చూస్తేనే తెలిసిపోతుందనీ, పెళ్లాం మాట వినే ఈ పని చేసి ఉంటాడనీ రాసి, చివర్లో దేవుడనేవాడు ఉన్నాడని ముగించింది.

మాస్టారు అంతా చదివి కళ్లజోడు తీశాడు.

"ఇంటాయన మొహం మీరెక్కడ చూశారమ్మా?"

గది గొల్లుమంది. మాస్టారు ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తూ పోతే, కుళాయి ఎప్పుడు కట్టేశారు, ఎవరు కట్టేశారు, అది చూసిందెవరు అన్నంతవరకే మిగిలింది. ఆవిడకు మొదట చెవులు వేడెక్కాయి. ఆ తర్వాత తనకే నవ్వొచ్చింది. నిజమే, ఆ ఇంటివాడు అసలు పుట్టనే లేదు. అతని పెళ్లాన్ని కూడా తనే పుట్టించి తిట్టింది.

అక్కణ్ణుంచి చదువు పట్టుకుంది. వాది, ప్రతివాది, అఫిడవిట్, వకాల్తా అంటూ మాటలన్నీ చీటీల మీద రాసి పార్లర్ అద్దం చుట్టూ అంటించింది. కుర్చీలో కూర్చున్నవాళ్లకు ముందున్నది అదే కాబట్టి వాళ్లకూ వచ్చేశాయి. ఒక పెద్దావిడ కూరగాయల బండి దగ్గర పుచ్చు వంకాయ చూసి, తన అభ్యంతరం నమోదు చేసుకోమందట. ఇంట్లో మొగుడి పని ఇంకా కష్టమైంది. కండక్టరు ఎప్పుడూ ఆలస్యంగా వస్తాడని సణిగితే చాలు, ఏ రోజు వచ్చాడు, మీరు చూశారా, ఎవరైనా చెప్పారా అని వరసపెట్టి అడిగేది. ఇంటికొచ్చానో బోనెక్కానో తెలియడం లేదనేవాడు అతను.

కష్టమల్లా నోరు కట్టుకోవడమే. కేంద్రంలో చెవిన పడే సంగతులు అన్నీ ఇన్నీ కావు. పార్లర్‌కు వచ్చేవాళ్లు కోర్టు కబుర్లేమిటని కూపీ లాగేవాళ్లు. ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. ఎవరు ఏం అడిగినా జుట్టు చివర్లు చిట్లిపోయాయి, నూనె రాయడం మానేశారా అని ఎదురు అడిగేది. పాపం ఆ వీధి ఆడవాళ్లందరికీ జుట్టు మీద బెంగ పట్టుకుంది.

పాఠాలయ్యాక కేంద్రంలోనే కూర్చుని పని నేర్చుకోవాలి. ముందు హాల్లో రెండు బల్లలు వేశారు. ఒకదాని దగ్గర టాంటాం అక్క, రెండోదాని దగ్గర పోస్టుమాన్. ఒక ఉదయం ఆవిడ ఫైళ్లకు దారాలు కడుతుండగా గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. తలెత్తి చూస్తే వదిన.

మరదలు అక్కడ సాయంత్రాలే ఉంటుందనుకుంది కాబోలు, వదిన మొహం పాలిపోయింది. వెనక్కి తిరగబోయింది. టాంటాం అక్క లేచి ఎదురు వెళ్లింది.

"వదినా, ఆగండి. మీరు నాకు బంధువులు, మీ పని నేను చూడకూడదు. అది ఇక్కడి రూలు. ఆ బల్ల దగ్గర పోస్టుమాన్ గారు చూస్తారు. మీరు వచ్చినట్టు నా నోట్లోంచి రాదు."

"నీ నోట్లోంచా?" అంది వదిన నీరసంగా. అయినా వచ్చిన అవసరం పెద్దదేమో, వెళ్లి పోస్టుమాన్ ముందు కూర్చుంది.

టాంటాం అక్క అటు వీపు పెట్టి దారాలు కట్టసాగింది. వినకూడదనే అనుకుంది. వదిన గుసగుసగానే చెప్పింది కూడా. కానీ చెవుడున్న మనిషి తనకు వినిపించింది సరేనో కాదో తెలుసుకోవడానికి గట్టిగా తిరిగి అడుగుతాడు.

"రిజిస్టర్ పెళ్లా అమ్మా? మీకేనా?" అన్నాడాయన. కాసేపాగి, "వరుడు గడియారాలు రిపేరు చేస్తారా?" అన్నాడు.

టాంటాం అక్క చేతిలో దారం ముడిపడిపోయింది. వీధి మలుపులో వాచీల షాపు ఒక్కటే ఉంది. దాన్ని నడిపే ఆయన నెరిసిన జుట్టు నున్నగా దువ్వుకుని, కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా కూర్చునేవాడు. ఆయనా, వదినా! తన జన్మలో ఇంత పెద్ద కబురు వినలేదు. అదీ సొంత ఇంటి కబురు. అదీ చెప్పకూడని కబురు.

లోపలి గదిలోంచి మాస్టారు పరుగులాంటి నడకతో వచ్చి, వదినను లోపలికి తీసుకువెళ్లి తలుపు వేశాడు. ఆ మర్నాడే పోస్టుమాన్ బల్ల కూడా తలుపున్న గదిలోకి మారింది.

ఆ తర్వాతి రోజుల్లో టాంటాం అక్క పడ్డ అవస్థ చెప్పనలవి కాదు. ఏ పని చేస్తున్నా ఆ కబురు నాలుక చివరికి వచ్చి కూర్చునేది. పళ్లు బిగబట్టి మింగేది. భోజనాల దగ్గర ఉలుకూ పలుకూ లేదు. మొగుడు భయపడిపోయి నుదుటి మీద చెయ్యేసి చూశాడు, డాక్టరు దగ్గరికి పోదామా అన్నాడు. వదిన మాత్రం సాయంత్రాలు ఏదో వంక పెట్టుకుని కిందికి వచ్చి తమ్ముడి మొహం, మరదలి మొహం మార్చి మార్చి చూసేది. ఏమీ బయటపడలేదని తేల్చుకుని మేడెక్కేది.

ఒక ఆదివారం మొగుడే కొంప మీదికి తెచ్చాడు. అక్క వాచీ ఊరికే చెడిపోతోందనీ, ఎప్పుడు చూసినా రిపేరుకని ఆ షాపులోనే ఉంటోందనీ, వాడెవడో ఆడమనిషిని చూసి మోసం చేస్తున్నాడనీ, ఇప్పుడే వెళ్లి గట్టిగా అడుగుతాననీ చెప్పులేసుకున్నాడు. మెట్ల మీద వదిన కాళ్లు ఆగిపోవడం టాంటాం అక్కకు కనిపించింది.

"ఆగండి. మోసం చేశాడని మీకు వదిన చెప్పారా?" అంది నెమ్మదిగా.

"చెప్పక్కర్లేదు. తెలుస్తూనే ఉందిగా."

"వాచీ వదినది. ఫిర్యాదుంటే వదిన చెయ్యాలి. మీరు చూసిందేమిటి? వాచీ రిపేరుకి ఇచ్చారన్నదే కదా. మిగతాదంతా మీరు అనుకున్నది. మా మాస్టారైతే కొట్టిపారేస్తారు."

మొగుడు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. నిన్ను ఆ చదువులో చేరనివ్వడం నాదే బుద్ధి తక్కువ అని గొణుక్కుంటూ చెప్పులు విడిచాడు.

మర్నాడు పార్లర్‌లో ఎవరూ లేని వేళ చూసి వదిన వచ్చింది. ఏనాడూ ఆ గుమ్మం తొక్కని మనిషి. కుర్చీలో కూర్చుని, తల దువ్వమంది. టాంటాం అక్క దువ్వెన తీసుకుంది. చిక్కులు తీసింది. అప్పుడు అద్దంలోకి చూస్తూ వదినే మొదలుపెట్టింది. ఆయనకు మందులు ఇచ్చేటప్పుడు పరిచయమైందట. ఇద్దరికీ ఇంటికి వెళితే మాట్లాడే మనుషులు లేరు. వాచీ ఎప్పుడూ చెడిపోలేదట, ముల్లు తనే తిప్పేసి తీసుకుపోయేదట. రిజిస్ట్రారు ఆఫీసులో పేర్లు నోటీసు బోర్డు మీద పెడతారని కేంద్రంలో చెప్పారు. తమ్ముడు ఆ బోర్డు మీద చదవకముందే తన నోటితో చెప్పాలి. ఈ వయసులో ఇదేం బుద్ధి అని నవ్వుతాడేమోనని భయం.

మధ్యలో దూరడానికి టాంటాం అక్కకు నూరు చోట్లు దొరికాయి. ఒక్క చోటా దూరలేదు.

"ఏదైనా అనవే," అంది వదిన చివరికి. కళ్లు తడిగా ఉన్నాయి.

"మీరు చెప్పడం అయిపోయిందా వదినా?"

"అయిపోయింది."

"అయితే సాయంత్రం ఆయన వచ్చేసరికి నేను టీ పెడతాను. మీరు చెప్పండి. నేను పక్కనే కూర్చుంటాను, మాట్లాడను. అవసరమైతే చెయ్యి పట్టుకోండి."

అలాగే జరిగింది. వదిన తమ్ముడి ఎదురుగా కూర్చుని తడబడకుండా చెప్పింది. మరదలి చెయ్యి మాత్రం నొప్పి పుట్టేలా నొక్కేసింది. అతను టీ కప్పు కింద పెట్టి నేల చూశాడు. ఇన్నేళ్లు మేడమీద ఒక్కదానివే ఉంటే నాకు అడగాలనే తోచలేదక్కా అన్నాడు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చి తల పట్టుకున్నాడు. నిన్న వెళ్లి ఉంటే కాబోయే బావగారి కాలర్ పట్టుకుని ఉండేవాణ్ణే అన్నాడు. వదిన పగలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

అప్పుడు అతను పెళ్లాం వైపు తిరిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసో తెలీదో చెప్పడానికి వీల్లేదు," అంది టాంటాం అక్క. అతను వదిన వైపు చూశాడు. వదిన మరదలి చేతిని తన ఒడిలోకి లాక్కుంది.

కోర్సు పరీక్షలో ఆవిడ గట్టెక్కింది. ఫైళ్ల వరసలో కొన్ని మార్కులు పోయాయి గానీ, గోడు విని రాసే పరీక్షలో మాస్టారి ఎర్ర పెన్సిలుకు పని పడలేదు. కేంద్రంలో ఉదయాలు పనికి రమ్మన్నారు. పార్లర్ మధ్యాహ్నం నుంచి తెరుస్తోంది.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి క్లుప్తంగా అయిపోయింది. వదిన కోరిందని టాంటాం అక్క సాక్షి సంతకం పెట్టింది, అలవాటుగా టాంటాం అని రాయబోయి మొదటి అక్షరం దగ్గర పెన్ను కాస్త ఆగినా. బయట వరండాలో అందరూ టీ తాగుతుంటే, కొత్త పెళ్లికొడుకు ఆవిణ్ణి పక్కకు పిలిచాడు. షాపు గోడ గురించి పక్కవాడితో ఒక తగాదా ఉందనీ, దాని సంగతేమిటో చెప్పమ్మా అనీ మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, మీరిప్పుడు మాకు బంధువులైపోయారు, నేను వినకూడదు," అంది ఆవిడ. "సోమవారం పొద్దున కేంద్రానికి రండి. పోస్టుమాన్ గారుంటారు. ఆయనకి మాత్రం కాస్త గట్టిగా చెప్పండి. తలుపు నేను వేయిస్తాను."