నీళ్లు పోసిన చోటు

మా ఇంట్లో దయ్యాల కబుర్లు సాగేవి కావు. ఎవరైనా మొదలుపెడితే తాతగారు సగం భోజనంలో చెయ్యి కడుక్కుని లేచిపోయేవారు. ఆ పెంపకంలో పెరిగినవాణ్ణి. అలాంటివి అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది బళ్లారి దగ్గర మోక అనే ఊరు. భూములుండేవి, తర్వాత లారీలుండేవి, తర్వాత ఏవీ లేవు. అక్కడి బడి గోడ మీద తాతగారి పేరు ఉండేది. ఒకసారి సున్నం వేసినప్పుడు అది పోయింది. మళ్లీ రాయమని మేము అడగలేదు. ఇప్పుడు నేనూ, నన్ను పెంచిన మేనత్తా బళ్లారి సత్యనారాయణపేటలో రెండు గదుల అద్దెవాటాలో ఉంటున్నాం. ముందుగదిలో నా కంప్యూటరు. లోపలిగదిలో వంట, భోజనం. వాకిలి ఒక్కటే, నా కుర్చీ వెనక. కుర్చీకి తగలకుండా ఎవరూ లోపలికి పోలేరు, బయటికి రాలేరు.

నా పని ప్రోటీన్లకు నమూనాలు కట్టడం. ప్రోటీనును స్ఫటికంగా చేసి ఎక్స్-రేలు పంపితే, దాని ఆకారం తెరమీద నీలిరంగు వలలా కనిపిస్తుంది. ఆ వల లోపల పరమాణువులను ఒక్కొక్కటిగా అమర్చాలి. అమరిక సరిగా ఉందో లేదో చూసే పరికరం ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. తప్పున్న చోట్ల జాబితా ఇస్తుంది. జాబితాలో ఒక వరుసను నొక్కితే తెర తిరిగి తిరిగి ఆ చోట ఆగుతుంది.

ఆ వేసవిలో బెంగళూరు ల్యాబు వాళ్ల నమూనా ఒకటి నా చేతిలో ఉంది. ముందు తనిఖీ జాబితా ఖాళీగా వచ్చింది. ఆ పరికరం వెనక పనిచేసే ప్రోగ్రాము పాతది, సాఫ్ట్‌వేర్ కొత్తది. రెండింటికీ పొసగలేదు. అది సరిచేశాను. జాబితా వచ్చింది కానీ ఒకే చోటును పట్టుకుని వదలలేదు. ప్రోటీన్ మధ్యలో చిన్న గుంటలాంటి చోటు. అక్కడి నీటి అణువులు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉన్నాయని దాని ఫిర్యాదు.

ఆ నీళ్లు నేను పెట్టినవే. వల ఉండి లోపల ఏమీ లేకపోతే, అక్కడ నీరుందనుకుని పూరించడం మా పనిలో అలవాటు. నా అమరికను నేను అనుమానించలేదు. పరికరాన్నే అనుమానించాను. తీసేసి మళ్లీ ఎక్కించాను. సరైనదని తెలిసిన పాత నమూనా ఇచ్చి చూశాను. దాన్ని తప్పు పట్టలేదు. నాదాన్ని మాత్రం పడుతూనే ఉంది.

ల్యాబు మేడం ఫోన్ చేశారు. "ఈ వారంలో రిపోర్టు శుభ్రంగా రాకపోతే మోడల్ వేరేవాళ్లకు ఇస్తానండీ. అప్పుడు పేరు కూడా వాళ్లదే పెట్టాల్సి వస్తుంది."

సరేనన్నాను. బతిమాలడం మాకు చేతకాదు. కానీ మా ఇంటి పేరు ఎక్కడైనా ఇంక రాసి ఉండబోతోందంటే అది ఆ నమూనా మీదే.

మర్నాడు మధ్యాహ్నం. కిటికీలోంచి ఎర్రదుమ్ము కలిసిన వెలుగు పడుతోంది. ఫ్యాను గాలి వేడిగా ఉంది. తెరమీద నీలివల మెల్లగా తిరుగుతోంది. దాన్ని చూస్తూ చూస్తూ నేనే అందులో నడుస్తున్నట్టు, ఎవరిదో పెద్ద ఇంట్లో గది తర్వాత గది దాటుతున్నట్టు అనిపిస్తోంది. నిద్ర కాదు. లోపల అత్త గొణుగుడు వినిపిస్తూనే ఉంది.

"సుమ్నే ఊరికే ఆ డబ్బా ముందర కూసుంటే కడుపు నిండతాదా? అన్నం చల్లారిపోతాండాది, రారా!"

అప్పుడే వెనక నుంచి, "నీళ్లు తాగి పోదామని వచ్చినానప్పా" అని వినిపించింది.

ముసలాయన. తెల్ల పంచె. చీలమండల దాకా ఎర్రమట్టి. మా ఇంట్లో రోజూ ఒకరికి ఎక్కువే వండుతాం. అన్నీ పోయినా అది పోలేదు. ఇంకో పట్టింపు కూడా ఉంది. వచ్చినవాళ్లు తినేదాకా పేరూ ఊరూ అడగం. అడిగితే పేరు చూసి అన్నం పెట్టినట్టవుతుంది.

"అన్నం తిని పోదురు, రాండి" అన్నాను. "అత్తా, ఇంకొకరుండారు!"

"ఎవరైతే ఏమి, రమ్మను. కాళ్లకు నీళ్లు పెడతాండా."

ఆయన కదల్లేదు. నా భుజం మీదుగా తెరకేసి చూశాడు.

"ఈడ ఎవరో కూసోనుండారు గదప్పా. వాళ్ల మీద ఇన్ని నీళ్లు పోసినావేంది?"

తెరమీద నీరు నీరులా ఉండదు. చిన్న చిన్న ఎర్రటి ప్లస్ గుర్తులుగా ఉంటుంది. తెలియనివాళ్లెవరూ దాన్ని నీరనరు. నేను తిరిగి చూసేసరికి ఆయన కుర్చీని రాసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. గిన్నెల చప్పుడు వినిపించింది.

నేను లేవలేదు. ఆ గుంటలోని నీళ్లన్నీ తీసేసి లెక్క మళ్లీ వేయించాను. అది పూర్తయి వల తెరమీదికి వచ్చింది. నీటి చుక్కల ఆకారం కాదు. చదునుగా ఒక ఉంగరం, దానికి చిన్న తోక. వేరే అణువేదో అక్కడ కుదురుగా కూర్చుని ఉంది.

లోపలికి పరుగెత్తాను. తిన్న విస్తరి మడిచి ఉంది. గిన్నెలు సర్దుతున్న అత్త తప్ప ఎవరూ లేరు. నా కుర్చీకి రెండోసారి ఎవరూ తగల్లేదు. నేల మీద ఎర్రమట్టి మరక ఒక్కటి లేదు. వీధిలోకి వెళ్లి చూశాను. ఎండ తప్ప ఏమీ లేదు.

స్ఫటికం కట్టడానికి కలిపిన రసాయనాల్లోంచి ఒకటి ఆ ఆకారానికి సరిగ్గా సరిపోయింది. తనిఖీ పరికరం ఆ చోటు గురించి మళ్లీ నోరెత్తలేదు. రిపోర్టు శుభ్రంగా వచ్చింది.

"ఎలా పట్టుకున్నారండీ?" అన్నారు మేడం.

"నీళ్లు తీసి చూశాను" అన్నాను.

ఆ వారం చివర భోజనాల దగ్గర అత్తను అడిగాను, ఆ ముసలాయన తినేటప్పుడు ఏమైనా చెప్పాడా అని.

అత్త గరిటె ఆపింది. "ముసలాయన ఎవర్రా? నేను పెట్టింది ఆడకూతురికి. చంకలో పసిబిడ్డ గూడ ఉండె. ఒక్క మాట మాట్లాడలా. తిని, బిడ్డ మూతి తుడిచి పాయె."

"సరిగ్గా చూసినావా అత్తా?"

"నా కండ్లు బాగనే ఉండాయిలే. ఆ డబ్బాను చూసి చూసి నీవే పోయినాయి."

మా అత్త పరాచికాలాడే మనిషి కాదు. ఆ రోజు బయటివాళ్లకు వేసిన విస్తరి ఒక్కటే. లోపలికి వెళ్లింది ఒక్కరే. ఎన్ని విధాల ఆలోచించినా నాకు పొంతన కుదరడం లేదు.

ఆ నమూనా ఇప్పుడు అందరూ చూసే చోట ఉంది. కట్టినవారి పేరు దగ్గర నా పేరు ఒక్కటే ఉంది. తీయించుకోలేదు. కానీ ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే మాత్రం తల ఎత్తి నిలబడలేకపోతున్నాను.